బిల్డర్ దగ్గర మిగిలిన ఓట్లు

కొండాపూర్‌లో మేముంటున్న అపార్ట్‌మెంట్‌లో 96 ఫ్లాట్లు ఉన్నాయి. పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం సెల్లార్‌లోని కార్లను ఒక పక్కకు తీయించి, టెంట్ హౌస్ నుంచి తెప్పించిన ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఓనర్స్ అసోసియేషన్ సర్వసభ్య సమావేశం జరిపారు. ఎజెండాలో మొదటి అంశం లిఫ్టుల ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం. రెండు గంటలు గడిచినా మేము ఆ అంశం దగ్గరికి చేరలేదు. ఓటు ఫ్లాటుకు ఒకటి చొప్పున ఉండాలా, లేక ఎవరి పేరిట ఎన్ని గజాల అవిభాజ్య వాటా రిజిస్టర్ అయిందో దాన్ని బట్టి ఉండాలా అన్న ప్రశ్న దగ్గరే బండి ఆగిపోయింది.

మా దగ్గర మనుషులను ఫ్లాటు నంబరుతో చెప్పుకోవడం అలవాటు. 302 అంకుల్ లెక్కల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లేచి, "మెయింటెనెన్స్ చదరపు అడుగును బట్టే కదండీ వసూలు చేస్తున్నారు? ఎక్కువ కట్టేవాడి మాటకు ఎక్కువ బరువు ఉండాలనడంలో తప్పేముంది?" అన్నారు. వెంటనే 504 ఆంటీ, "అయితే ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళు కూడా గజాలను బట్టే పంచుతారా అన్నయ్యగారూ?" అని అడిగారు. అందరూ నవ్వారు గానీ, ఆ రెండు మాటల మధ్య ఉన్న తగవు నవ్వుతో తేలేది కాదు.

దాని వెనక ఇంకో సంగతి ఉంది. నాలుగేళ్ళ కిందట బిల్డర్ ఈ సముదాయాన్ని అసోసియేషన్‌కు అప్పగించినప్పుడు అమ్ముడుపోని ఫ్లాట్లు 22 ఆయన దగ్గరే ఉండిపోయాయి. అవి అమ్మకానికే తప్ప, వాటితో తాను ఎన్నికల్లో ఓటు వేయనని ఆయన అందరి ముందూ చెప్పాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఈ వేసవిలో ఆ 22 ఫ్లాట్లనూ ఒకే లాటుగా ఒక ఇన్వెస్టరుకు అమ్మేశాడు. ఆ ఇన్వెస్టరు సమావేశానికి రాలేదు. 22 ఆథరైజేషన్ లెటర్లు పెట్టిన ఫైలుతో ఒక కుర్రవాణ్ణి పంపాడు. 96లో 22 అంటే పావు కన్నా తక్కువే. కానీ మా సమావేశాలకు వచ్చేవాళ్ళు ఏనాడూ 20 మందిని మించరు. ఆ ఫైలు తెరుచుకున్న క్షణంలో సెల్లార్‌లో ఉన్న ఓట్లలో సగానికి పైగా ఆ కుర్రవాడి ఒళ్ళో ఉన్నాయి.

ఆ ఫైలును చూస్తూ కూర్చున్న నాకు 2020 మార్చి గుర్తుకు వచ్చింది. అచ్చంగా ఇదే కథ అప్పుడు స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ మీద, అంటే చాలా కంప్యూటర్లు కలిసి రాసుకునే ఉమ్మడి లెక్కల పుస్తకం మీద నడిచింది. నేను దానిలో చాలా చిన్న పాత్రధారిని.

స్టీమ్ 2016 మార్చిలో మొదలైంది. దాని మీద నడిచే స్టీమిట్ అనే వేదికను స్థాపించినవారు నెడ్ స్కాట్, డాన్ లారిమర్. ఫేస్‌బుక్ లాంటి వేదికల మీద రాసేవాడి శ్రమతో కంపెనీ సంపాదిస్తుంది కాబట్టి, ఆ సంపాదన రాసేవాడికీ, మంచి రాతను ముందుగా గుర్తించి ఓటు వేసినవాడికీ చేరాలన్నది వాళ్ళ ప్రతిపాదన. ప్రతిరోజూ కొత్త టోకెన్లు, అంటే ఆ వేదిక సొంత డిజిటల్ నాణేలు, పుడతాయి. వాటిలో అధిక భాగం ఒక ఉమ్మడి కుండలో పడుతుంది. ఏడు రోజుల్లో ఒక పోస్టుకు పడిన ఓట్లను బట్టి ఆ కుండలోంచి పోస్టుకు వాటా వస్తుంది. వినడానికి ఇంతకన్నా ధర్మమైన ఏర్పాటు ఉండదనిపిస్తుంది. నాకూ అనిపించింది. అప్పట్లో అమీర్‌పేటలో ముగ్గురం పంచుకునే గదిలో ఉండేవాణ్ణి. 2017 చివరలో, పగలు కోర్సు, రాత్రి తెలుగులో పోస్టులు.

అయితే ఆ ఏర్పాటులో ఓటు మనిషికి ఒకటి కాదు. ఓటు బరువు ఆ ఖాతాలో తాళం వేసి ఉంచిన స్టీమ్ పవర్‌ను బట్టి ఉంటుంది. కొన్న టోకెన్లను పవర్‌గా మార్చుకుంటే ఓటు బలపడుతుంది. తిరిగి తీసుకోవాలంటే అప్పట్లో 13 వారాల పాటు వారానికి ఒక వాయిదా చొప్పున బయటికి వచ్చేది. ఒక పూర్తి ఓటు వేస్తే ఓటు శక్తిలో 2 శాతం ఖర్చవుతుంది, రోజుకు 20 శాతం తిరిగి నిండుతుంది. అంటే రోజుకు పది పూర్తి ఓట్లు. ఈ పది అన్న సంఖ్య అందరికీ సమానమే. పవర్ మాత్రం సమానం కాదు.

నా ఖాతాలో అప్పుడు 60 స్టీమ్ పవర్ ఉండేది. పది లక్షల పవర్ ఉన్న ఖాతాలు ఆ వేదిక మీద ఉండేవి. ఆ ఖాతా ఓటు నా ఓటు కన్నా దాదాపు 16,667 రెట్లు బరువైనది. ఇది నేను చేరేనాటికి సడలించిన లెక్క. 2017 జూన్‌లో జరిగిన 19వ హార్డ్ ఫోర్క్ అనే నియమాల మార్పుకు ముందు ఒక పోస్టుకు పడిన మొత్తం బరువును దానితోనే హెచ్చించి, అలా వచ్చిన వర్గాన్ని బట్టి కుండలోంచి వాటా పంచేవారు. ఆ లెక్కన ఆ పెద్ద ఖాతా ఓటు ఒక్కటే పడిన పోస్టుకూ, నా ఓటు ఒక్కటే పడిన పోస్టుకూ మధ్య తేడా దాదాపు 27.8 కోట్ల రెట్లు. పదిమందీ మెచ్చిన రాతకు పెద్ద పీట దక్కాలన్న సదుద్దేశంతోనే ఆ సూత్రం పెట్టారు గానీ, ఆ పదిమందినీ ఒక్క పెద్ద వాలెట్ మింగేయగలదన్న సంగతి లెక్కలోనే ఉంది. ఖాతాలను పిలిచే పేర్లు కూడా ఈ సంగతిని దాచలేదు: పెద్దది తిమింగలం, దాని తరువాత ఓర్కా, ఆ తరువాత డాల్ఫిన్, కింద చేపపిల్లలు. మన పెద్దలు మత్స్యన్యాయమని దేనినన్నారో దానినే ఇక్కడ బ్యాడ్జీలుగా పెట్టుకుని తిరిగాము.

నా మొదటి పోస్టు అమీర్‌పేటలో తెల్లవారుజామున ఫొటోస్టాట్ దుకాణాల ముందు పాత కోర్సు మెటీరియల్‌ను కట్టలు కట్టే మనుషుల గురించి. దానికి తొమ్మిది ఓట్లు వచ్చాయి, అన్నీ నాలాంటి వాళ్ళవే. ఏడు రోజుల తరువాత పోస్టు కింద 0.01 డాలర్ అని ఉండేది, ఖాతాలోకి అది కూడా రాలేదు. 0.02 కన్నా తక్కువ వచ్చిన పోస్టుకు చెల్లింపే ఉండదన్న నియమం అప్పుడు తెలిసింది. తొమ్మిది మంది మెచ్చుకున్న రాతకు చిల్లిగవ్వ కూడా రాలకపోవడం, ఎవరి రాతకూ ఓటు వేయకుండా తన రెండు వాక్యాల పోస్టులకు తానే రోజుకు పదిసార్లు ఓటు వేసుకునే పెద్ద ఖాతాకు జీతంలా డబ్బు రావడం, ఈ రెండూ ఒకే సూత్రం రెండు చివరలు. సొంత పోస్టుకు ఓటు వేసుకోవడాన్ని నియమం ఆపలేదు. ఆపినా రెండో ఖాతా తెరవడానికి ఎంతసేపు?

తరువాత నాకు జరిగిన ఒక్క అదృష్టాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నది దురదృష్టం కన్నా దాని నుంచే ఎక్కువ. డిసెంబరులో ఒక రాత్రి, చార్మినార్ పక్క సందులో గాజులు చేసే లక్క బట్టీ గురించి ఫొటోలతో రాసిన పోస్టు 0.04 డాలర్ దగ్గర పడి ఉన్నది కాస్తా, నేను పేజీని మళ్ళీ తెరిచేసరికి 31 డాలర్లు చూపింది. ఓట్ల జాబితా తెరిచి చూశాను. ఒకే ఒక్క ఖాతా. ఆ ఖాతాదారుకు తెలుగు రాదు. పోస్టు మొదట్లో నేను పెట్టిన మూడు వాక్యాల ఇంగ్లీషు సారాంశాన్నీ, ఫొటోలనూ చూసి ఓటు వేసినట్టున్నాడు. చెల్లింపులో వచ్చే, ఒక డాలర్ విలువ చుట్టూ ఉండాల్సిన స్టీమ్ డాలర్ అనే టోకెన్ ఆ చలికాలంలో 10 డాలర్లు కూడా దాటింది కాబట్టి ఆ 31 నా గది అద్దె కన్నా చాలా పెద్ద మొత్తం. ఆ వారం నుంచి నా పోస్టుల్లో తెలుగు తగ్గింది, ఇంగ్లీషు సారాంశం పెరిగింది, ఫొటోలు పెరిగాయి, ఫొటోస్టాట్ దుకాణాలు మాయమై చార్మినార్ నాలుగుసార్లు కనబడింది. ఎవరూ నన్ను అలా రాయమనలేదు. ఆ ఖాతా మళ్ళీ ఎన్నడూ నా పోస్టు వైపు చూడలేదు. అయినా ఒక్క పాఠకుడి కోసం, నా భాష రాని పాఠకుడి కోసం, రెండు నెలలు రాశాను. సంపద అసమానత గురించి మాట్లాడేటప్పుడు ఎవరికి ఎంత వచ్చిందన్నదే లెక్కిస్తాము. ఎవరు దేని గురించి రాయడం మానేశారన్నది ఏ పట్టికలోనూ కనబడదు.

ఆ తరువాత నేను ఓట్లు కొన్నాను. దీన్ని దాచుకోవడంలో అర్థం లేదు, బ్లాక్‌చెయిన్ మీద అంతా ఉంది. పెద్ద పవర్ ఉన్నవాళ్ళు దాన్ని అద్దెకు ఇస్తే దానితో ఓట్లు అమ్ముతూ వాటంతటవే నడిచే ప్రోగ్రాములు, బిడ్ బాట్‌లు, అప్పట్లో డజన్లకొద్దీ ఉండేవి. మన చిట్టీ పాట లాంటి వ్యవహారమే గానీ, ఇక్కడ పాడుకునేది చిట్టీ డబ్బును కాదు, ఓటును. రోజుకు పది ఓట్లు కాబట్టి 2.4 గంటలకు ఒక పాట. ఆ వేళలో ఎవరెవరు ఎంత పంపారో చూసి, ఆ నిష్పత్తిలో బాట్ తన ఓటును పోస్టులకు పంచుతుంది. నేను రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని, పాట ముగిసే చివరి నిమిషంలో ఎంతమంది పంపారో చూసి, లాభం ఉందనిపిస్తే ఐదు స్టీమ్ డాలర్లు పంపేవాణ్ణి. కొన్నిసార్లు ఆరు వచ్చాయి, ఎక్కువసార్లు నాలుగున్నర. పోస్టులో ఏముందో చూడవలసిన అవసరం బాట్‌కు లేదు, ఆ గంటలో నాకూ లేదు. పవర్‌ను అద్దెకిచ్చిన పెద్ద ఖాతాకు మాత్రం ఏ పాటలోనూ నష్టం లేదు.

నా ఒక్కడి కక్కుర్తి కాదది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2016 మార్చి నుంచి 2018 ఆగస్టు వరకు 11.2 లక్షల వాడుకరులు స్టీమ్ మీద చేసిన 53.9 కోట్ల లావాదేవీలను పరిశీలించి, ఆ వేదిక మీద జరిగిన టోకెన్ బదిలీల్లో 16 శాతానికి పైగా బాట్‌లని అనుమానించదగిన ఖాతాలకే వెళ్ళాయని తేల్చారు. ఆ 16 శాతంలో నా రాత్రి రెండు గంటల ఐదు డాలర్లు కూడా ఉన్నాయి.

2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు తన పరిధిలోని బ్యాంకులు క్రిప్టో వ్యాపారాలకు, అంటే ఇలాంటి టోకెన్లు కొని అమ్మేవాళ్ళకు, సేవలందించరాదని సర్క్యులర్ ఇచ్చిన తరువాత నేను ఆ అలారం తీసేశాను. మిగిలిన కాస్త పవర్‌ను అలాగే వదిలేశాను. స్టీమిట్ వాళ్ళు తప్పు దిద్దుకునే ప్రయత్నాలు చేయలేదని కాదు: 2019 ఆగస్టులో 21వ హార్డ్ ఫోర్క్‌తో ఓటు వేసినవాడి వాటాను నాలుగో వంతు నుంచి సగానికి పెంచారు, ఖర్చు లేని కొన్ని డౌన్‌వోట్లు (వ్యతిరేక ఓట్లు) ఇచ్చారు, చిన్న చిన్న వ్యాఖ్యల కింద సొంత ఓట్లు దాచుకునేవాళ్ళను అడ్డుకోవడానికి తక్కువ ఓట్లు పడిన పోస్టులకు దామాషా కన్నా తక్కువ దక్కేలా సూత్రాన్ని వంచారు. బిడ్ బాట్‌ల ఆట చాలావరకు కట్టింది కూడా. కానీ ఆ వంపు మొదట తగిలింది నిజంగానే తక్కువ ఓట్లు పడేవాళ్ళకు. ఎలుకల కోసం పెట్టిన బోనులో ముందుగా పిల్లలు వేలు పెడతారు.

ఇక బిల్డర్ దగ్గర మిగిలిన ఫ్లాట్ల సంగతికి వస్తాను.

స్టీమ్ పుట్టిన తొలి రోజుల్లో, బయటివాళ్ళకు ఇంకా సరిగ్గా తెలియకముందే, స్టీమిట్ కంపెనీ చాలా టోకెన్లను తన కంప్యూటర్లతో పుట్టించి, వాళ్ళ భాషలో తవ్వి, పెట్టుకుంది. దాన్ని అక్కడివాళ్ళు నింజా మైనింగ్ అనేవారు. 2020 నాటికి మొత్తం సరఫరాలో దాదాపు ఐదో వంతు ఆ కంపెనీ చేతిలోనే ఉంది. ఆ వాటా అభివృద్ధి పనులకేననీ, పాలనలో దానితో ఓటు వేయబోమనీ కంపెనీ చెబుతూ వచ్చింది, వేయలేదు కూడా. పాలన అంటే విట్‌నెస్‌ల ఎన్నిక. మూడు సెకన్లకు ఒకటి చొప్పున పుట్టే బ్లాకుల్లో, అంటే ఆ లెక్కల పుస్తకం పేజీల్లో, దాదాపు అన్నింటినీ తయారుచేసేది, నియమాలను మార్చగలిగేది అగ్రస్థానంలోని 20 మంది విట్‌నెస్‌లే. ఒక్కో ఖాతా 30 మంది దాకా విట్‌నెస్‌లకు ఓటు వేయవచ్చు. అసలు కిటుకు అక్కడే ఉంది: 30 మందిలో ఒక్కొక్కరికీ ఓటరు బరువు మొత్తంగా పడుతుంది, పంచుకుపోదు. కాబట్టి అందరికన్నా పెద్ద బరువు ఎవరిదో వాళ్ళకు 20 కుర్చీల్లో సగమో, ముప్పావో కాదు, మొత్తం 20 దక్కుతాయి.

2020 ఫిబ్రవరి 14న ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధినేత జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నట్టు ప్రకటన వెలువడింది. ఓటు వేయబోమన్న మాట ఇచ్చింది పాత యజమాని. కొత్త యజమానికి దక్కింది ఓట్లు. భయపడిన విట్‌నెస్‌లు పది రోజులు తిరిగేలోపే సాఫ్ట్ ఫోర్క్ అనే చిన్న నియమ మార్పు చేసి, ఆ వాటాతో ఓటు వేయడానికి గానీ దాన్ని కదిలించడానికి గానీ వీల్లేకుండా తాళం వేశారు. ఒకరి ఆస్తిని ఇరవైమంది కలిసి స్తంభింపజేయవచ్చా అన్న ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ సూటిగా చెప్పగల జవాబు లేదు. ఆ రోజు మాత్రం వాళ్ళ పక్షానే ఉన్నాను.

మార్చి 2, సోమవారం. తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడిన రోజది. నగరమంతా ఆ వార్త మీదే ఉండగా, స్టీమ్ మీద బినాన్స్, హువోబి, పోలోనియెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీల (టోకెన్లు కొని అమ్ముకునే సంస్థల) ఖాతాలు తమ దగ్గర దాచుకున్న ఖాతాదారుల స్టీమ్ టోకెన్లను పవర్‌గా మార్చి ఓటు వేశాయి. 20 మంది విట్‌నెస్‌లూ దిగిపోయారు, ఎవరికీ తెలియని 20 కొత్త పేర్లు ఆ స్థానాల్లోకి వచ్చాయి. కంచే చేను మేయడమంటే ఇదే. ఎక్స్ఛేంజీలో టోకెన్లు పెట్టుకున్న మనిషి ఓటు వేయలేదు, ఓటు వేయమని ఎవరికీ చెప్పలేదు, చాలామందికి అలాంటి ఎన్నిక ఒకటుందని కూడా తెలియదు. పైగా అలా మార్చిన పవర్ తిరిగి టోకెన్లు కావడానికి 13 వారాలు. విమర్శలు వెల్లువెత్తాక బినాన్స్, హువోబి తమ ఓట్లను వెనక్కి తీసుకున్నాయి. ఈలోగా, మార్చి 4న, రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండేళ్ళ తరువాత నా టోకెన్లను రూపాయల్లోకి మార్చుకునే దారి తెరుచుకున్న ఆ వారంలోనే వాటి విలువేమిటో ఎవరూ చెప్పలేని స్థితి వచ్చింది.

రెండు వైపులా ఓట్లు పోగేశారు. కొరియాలో, నైజీరియాలో, ఇండియాలో ఏళ్ళ కిందట ఖాతాలు వదిలేసినవాళ్ళను వెతికి మరీ నిద్ర లేపారు. నా 60 పవర్ కోసం కూడా ఒకాయన మెసేజ్ పెట్టాడు. నియమాలు మార్చడానికి 17 మంది విట్‌నెస్‌లు ఒక మాట మీద ఉండాలి, ఎవరి వైపూ 17 లేరు. చివరికి మార్చి 20న, ఇక్కడ జనతా కర్ఫ్యూకు రెండు రోజుల ముందు, పాత సభ్యులు ఆ బ్లాక్‌చెయిన్‌ను యథాతథంగా నకలు చేసుకుని హైవ్ అనే పేరుతో వేరు కాపురం పెట్టారు. అందరి నిల్వలూ అందరి రాతలూ కొత్త ఇంటికి వచ్చాయి, స్టీమిట్ కంపెనీ వాటా తప్ప. సన్ వైపు విట్‌నెస్‌లను బలపరిచిన కొన్ని మామూలు ఖాతాలకు కూడా అక్కడ నిల్వ దక్కలేదు. వాటిలో కొన్నింటికి తరువాత న్యాయం జరిగింది. ఇక్కడ ఓటు రహస్యం కాదు, ఎవరు ఎవరికి వేశారో ఎప్పటికీ అందరికీ కనబడుతుంది. వేసిన ఓటుకు శిక్ష పడటం అప్పుడు చూశాను. అవతలి పక్షమేమీ తక్కువ తినలేదు. మే 20న స్టీమ్ మీద జరిగిన హార్డ్ ఫోర్క్‌లో 64 ఖాతాల నుంచి 2.36 కోట్ల స్టీమ్‌ను, అంటే అప్పటి ధరలో దాదాపు 50 లక్షల డాలర్లను, లాక్కున్నారు.

ఇన్ని చూసిన తరువాత కూడా, "అయితే మనిషికి ఒక ఓటు పెడితే సరిపోదా?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే ఔననలేను. మన సహకార సంఘాల్లో ఎన్ని షేర్లున్నా సభ్యుడికి ఓటు ఒకటే. షేర్ల కంపెనీలో ఓటు షేరును బట్టి. రెండూ మనకు అలవాటైనవే. సహకార సంఘంలో ఒక ఓటు నియమం నిలబడటానికి కారణం, సభ్యుడు ఫలానా మనిషేనని గుమాస్తా పుస్తకం తెరిచి చెప్పగలగడం. బ్లాక్‌చెయిన్‌కు మనిషి కనబడడు, తాళంచెవి మాత్రమే కనబడుతుంది. ఒక మనిషి వెయ్యి తాళాలు చేయించుకుంటే వెయ్యి మంది అయిపోతాడు. ఈ వ్యాసంగంలో దీనికి సిబిల్ దాడి అనే పేరుంది. మనం తరతరాలుగా బినామీ అంటున్నాము, 1988లో దాని మీద చట్టం కూడా చేసుకున్నాము. డబ్బును బట్టి ఓటు బరువు నిర్ణయించింది డబ్బు మీద భక్తితో కాదు, బినామీల భయంతో. వెయ్యి ఖాతాలు తెరిచినా ఉన్న డబ్బు అంతే కదా అన్నది వాళ్ళ ధీమా. ఆ భయం నిజమైనదే. కానీ దాని నుంచి తప్పించుకోవడానికి పట్టుకున్న కర్ర ధనవంతుడి చేతికర్ర.

నడిమి దారి ఉందన్నవాళ్ళు ఉన్నారు. ఓటు బరువును డబ్బుకు వర్గమూలంగా లెక్కిస్తే 100 టోకెన్లున్నవాడికి 100 కాక 10 ఓట్లే వస్తాయి. బాగానే ఉంది, ఆ వంద టోకెన్లను అతడు వంద ఖాతాల్లో ఒక్కొక్కటిగా పెట్టేవరకు. పెట్టిన మరుక్షణం వంద ఓట్లు. ఇథీరియమ్ అనే పెద్ద బ్లాక్‌చెయిన్ సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ 2021లో టోకెన్ల ఓటింగును దాటిపోవాలని రాస్తూ స్టీమ్ ఉదంతాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. ఆయన చూపిన దారుల్లో ఒకటి, ఒక్కో ఖాతా వెనక ఒక్కో మనిషి ఉన్నాడని రుజువు చేయించడం. మన దేశంలో ఈ మాట వినగానే అందరి చూపూ ఆధార్ వైపు వెళుతుంది. వేలిముద్ర వేసి కథ రాసే రోజు రాకూడదని నా కోరిక. పేరు దాచుకుని రాసే హక్కును అమ్మి సమానమైన ఓటును కొనుక్కోవడం నాకు గిట్టుబాటు బేరంలా కనబడదు.

ఈ చిక్కును రెడిట్‌లో ఒకచోట కొంత మెరుగ్గా విప్పారు. అక్కడి క్రిప్టో బృందంలో 2020 నుంచి మూన్స్ అనే టోకెన్లను రాతలకు వచ్చిన మెప్పును బట్టి పంచేవారు. బయట కొన్న మూన్స్‌కు ఓటులో బరువు ఉండేది కాదు, రాసి సంపాదించుకున్నవాటికే ఉండేది. డబ్బుకూ ఓటుకూ మధ్య గోడ కట్టడం సాధ్యమేనని అది చూపింది. అయితే ఆ గోడను కట్టింది కంపెనీ, బినామీ ఖాతాలను ఏరిపారేసిందీ కంపెనీయే, 2023 అక్టోబరులో ఒక ప్రకటనతో ఆ ఏర్పాటు నుంచి తప్పుకున్నదీ కంపెనీయే.

వీటన్నింటిలో హైవ్ చేసిన ఒక చిన్న మార్పు మీద నాకు గౌరవం ఉంది. కొత్తగా పవర్‌గా మార్చిన టోకెన్లతో పోస్టులకు వెంటనే ఓటు వేయవచ్చు, విట్‌నెస్‌లను ఎన్నుకోవాలంటే మాత్రం 30 రోజులు ఆగాలి. ఏడాది పాటు పాలన ఓట్లను కదపని ఖాతా ఓటు చెల్లదు. ఈ రెండూ ఎవరి సంపదనూ తగ్గించలేదు, అసమానతను అంగుళం కూడా కదిలించలేదు. కానీ రాత్రికి రాత్రి పరాయి సొమ్ముతో వచ్చి కుర్చీలు లాక్కునేవాడి గురించి ఇంట్లోవాళ్ళకు నెల రోజుల ముందే తెలుస్తుంది. సమానత్వం తేలేనప్పుడు కనీసం వ్యవధి తెచ్చారు.

మా సమావేశం ఆ రోజు తేలలేదు. తరువాతి ఆదివారం ఫ్లాటుకు ఒక ఓటు అన్న పక్షమే నెగ్గింది, 302 అంకుల్ గొణుక్కుంటూనే చెయ్యెత్తారు. సభ్యుడికి ఒక ఓటు అంటే బాగుండేదని 504 ఆంటీ అన్నారు. అప్పుడు ఆ ఇన్వెస్టరు ఫ్లాట్లను బావమరిది పేరిట, డ్రైవరు పేరిట మార్చుకుంటాడని నేను చెబితే, "రిజిస్ట్రేషను ఖర్చులు పెట్టుకోమనండి" అన్నారు. మాటలో బలం ఉంది. ఇక్కడ బినామీ సృష్టికి స్టాంపు డ్యూటీ ఉంది, అక్కడ లేదు. ఆ 22 ఫ్లాట్లలో అద్దెకుంటున్నవాళ్ళు మెయింటెనెన్స్ కడుతున్నారు, లిఫ్టు ఆగితే మెట్లెక్కుతున్నారు, ఏ లెక్కలోనూ వాళ్ళకు ఓటు లేదు. ఆ సంగతి మినిట్స్‌లో రాయమని అడిగాను, రాయలేదు.

బైలాల ముసాయిదా నాకు అప్పగించారు. చేతులు మారిన ఫ్లాటుకు 30 రోజుల దాకా ఓటు ఉండదనీ, ఒక మనిషి రెండు ఆథరైజేషన్ లెటర్లకు మించి తీసుకురాకూడదనీ రెండు వాక్యాలు చేర్చాను. మొదటిది ఇప్పుడున్న ఇన్వెస్టరుకు తగలదు, ఆయన రిజిస్ట్రేషన్ అయి నెలలు గడిచిపోయాయి. 302 అంకుల్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆ పేజీ చదివారు.

"ఈ 30 రోజులు ఎక్కడ పట్టావు బాబూ? చట్టంలో ఇలాంటిది నేను చూడలేదే."

"హైవ్ అని ఒకటుందండీ, వాళ్ళ నియమం."

"హైవ్ అంటే?"

"తేనెపట్టు అని అర్థమండీ, కానీ ఇది..."

"మంచి మాట గుర్తు చేశావు. ఐదో అంతస్తు డక్టులో ఒకటి పట్టింది, పిల్లలు అటు వెళ్ళడానికి భయపడుతున్నారు. దాన్ని తీయించే ఖర్చు కూడా ఎజెండాలో రాయి" అని కాగితం తిరిగి ఇచ్చారు. లిఫ్టుల ఏఎంసీ కింద నాలుగో అంశంగా రాశాను.